నా పేరున్న తాళం

ఎర్ర తాళం. అరచేతిలో ఇమిడేంత.
దాని మీద నా పేరు, ఇల్పో అని,
పక్కన స్టాంపు బిళ్లంత ఫొటో.
ఫొటోలో నేను నవ్వడం లేదు.

కాగితం మిల్లులో చేరిన రోజు
హిల్క్కా దాన్ని నా చేతిలో పెట్టింది.
"మిషన్‌లోకి దూరేముందు స్విచ్చుకి ఇది వెయ్యి.
తాళంచెవి జేబులో పెట్టుకో.
బయటికొచ్చాక నీ చేత్తో నువ్వే తియ్యాలి.
దేవుడొచ్చి అడిగినా ఇవ్వకు."
అని, కాఫీ పోసింది.
ఫిన్లాండులో ఎంత పెద్ద మాటకైనా
కాఫీతోనే చుక్క పడుతుంది.

మూడో నంబరు మిషన్‌కి
మనుషులంటే కోపం లేదు, ప్రేమా లేదు.
నిమిషానికి కిలోమీటరున్నర కాగితాన్ని లాగే రోలర్లకి
కాగితం అంచూ చొక్కా అంచూ ఒకటే.

నాకప్పుడు ఇరవై రెండు.
రెండు నిమిషాల పనికి ఇంత తతంగమా అనేవాణ్ణి.
ఓస్మో ఏమీ అనేవాడు కాదు.
ముప్పై ఏళ్లుగా వేస్తున్న అతని తాళం మీద
ఫొటోలో ఇంకా జుట్టుంది.

జనవరి రాత్రి. బయట మైనస్ ఇరవై ఆరు.
నది మీద మంచు పగుల్తుంటే తుపాకీ పేలినట్టుంది.
ఫెల్టు మార్చడానికి ఆరుగురం దిగాం.
బోర్డు మీద ఆరు తాళాలు.
పనైపోయింది. చివరి బస్సు పోతుందని
నేను వెనక తలుపు గుండా పరుగెత్తాను.

ఆ తర్వాతది నేను చూడలేదు.
ఓస్మో చెప్పాడు,
మాటకీ మాటకీ మధ్య బోలెడంత ఖాళీ వదుల్తూ.

బోర్డు మీద ఒక్కటి మిగిలిందట.
నవ్వని ముఖం.
షిఫ్టు మేనేజరు తాయ్స్తోకి
నిమిషం ఆగితే ఎన్ని యూరోలో నోటికొచ్చు.
"కుర్రాడు వెళ్ళుంటాడు. కోసెయ్యండి."
కట్టరు కూడా తెచ్చారు.

హిల్క్కా బోర్డుకి వీపు ఆనించి నిలబడింది.
ఐదడుగుల మనిషి, చేతిలో చల్లారిన కప్పు.
"వెళ్ళాడని ఎవరైనా చెప్పండి, పక్కకి జరుగుతాను."

ఎవరూ చెప్పలేదు.
'వెళ్ళుంటాడు' అన్న మాటలో
'ఉంటాడు' కూడా ఉంది.
ఎక్కడుంటాడు?

టార్చిలైట్లు పట్టుకుని దిగారు.
ప్రతి రోలరు కిందా, గుంటలో, ఆవిరి గొట్టాల సందుల్లో
నా పేరు పెట్టి పిలిచారు.
నా ఫోను చలికి ఎప్పుడో చచ్చిపోయింది.
చివరికి ఓస్మో కారు తీశాడు,
మంచులో పద్నాలుగు కిలోమీటర్లు.

నేను మేజోళ్లతో కూర్చుని చేపల సూపు తాగుతున్నాను.
తలుపు తీశాను.
అతను చాలాసేపు చూశాడు,
నా భుజం నొక్కాడు, ఉందో లేదో అన్నట్టు.
"తాళంచెవి" అన్నాడు. అంతే.

మిల్లు అంత నిశ్శబ్దంగా ఉండగలదని నాకప్పటిదాకా తెలీదు.
పచ్చడి చేసేస్తారనుకున్నాను.
దారి ఇచ్చారు.
తాళంచెవి మూడోసారికి గాని దూరలేదు.

హిల్క్కా లాగ్‌బుక్కులో రాసింది:
ఆగిన సమయం, రెండు గంటల పది నిమిషాలు.
లోపల ఎవరూ లేరు.
తాయ్స్తో సంతకం పెట్టాడు,
మేం చేసిన కాగితమే చిరిగేంత గట్టిగా.
మర్నాడు తనిఖీకి దిగేముందు
అందరికంటే ముందు అతని తాళం పడింది.
ఎవరం చూడనట్టే ఊరుకున్నాం.

ఇప్పుడు కొత్తవాళ్లకి తాళాలిచ్చేది నేను.
మొన్న ఒకమ్మాయి, వియెనా,
దాన్ని చేతిలో ఎగరేసి పట్టుకుంటూ అడిగింది:
"దీనివల్ల ఎవరైనా నిజంగా బతికారా?"

తెలీదన్నాను.
ఆ లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు.
కాఫీ పోశాను.
ఫొటోకి నవ్వమన్నాను.